‘నీ ఇష్టం’ అనే ముందు

మన ఇళ్ళల్లో నేరుగా అడగడం చాలా తక్కువ. నడుం నొప్పితో ఉన్న ఇల్లాలు “ఈ పూట గిన్నెలు మీరు తోమండి” అనదు. గిన్నెల చప్పుడు మాత్రం కాస్త పెరుగుతుంది. కొడుకుతో కాసేపు కబుర్లు చెప్పుకోవాలని ఉన్న తండ్రి ఆ ముక్క అనడు. “ఇరవై నాలుగ్గంటలూ ఆ ఫోనేనా?” అంటాడు. కాఫీ తాగాలనున్న అత్తగారు “మీ మావయ్యగారికి కాఫీ వేళయిందేమోనమ్మా” అంటుంది. మొగుడూ పెళ్ళాలకి మాటల్లేని రోజున ఆరేళ్ళ పిల్ల ఆ గదికీ ఈ గదికీ తిరుగుతుంది. “నాన్నని భోజనానికి రమ్మను” అని ఇటునుంచి, “ఆకలి లేదని చెప్పు మీ అమ్మకి” అని అటునుంచి.

వీళ్ళలో అబద్ధమాడుతున్నవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఏదో ఒకటి కావాలి. ఆ కావలసినదొక్కటి తప్ప మిగతావన్నీ మాటల్లో ఉన్నాయి.

ఎందుకిలా అంటే మొహమాటం అంటాం, పెంపకం అంటాం. రెండూ నిజమే. నా దృష్టిలో వాటి అడుగున ఉన్నది కాదంటారేమోనన్న భయం. నోరు తెరిచి అడిగితే రెండు జవాబులకీ సిద్ధపడాలి. అడక్కుండా సూచనగా అంటే, అవతలివాళ్ళు పట్టించుకోకపోయినా “నేనేమన్నా అడిగానా?” అనుకుని తప్పుకోవచ్చు. అడిగి లేదనిపించుకోవడం కన్నా అడక్కుండా అలగడం తేలిక. అభిమానం నిలుస్తుంది, కావలసినది మాత్రం దక్కదు. అలా దక్కనిది మనసులోంచి పోదు. నాలుగు రోజులాగి, సంబంధం లేని చోట, పిల్లాడి మార్కుల మీదో కూరలో ఉప్పు మీదో బయటపడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

ఇన్నేళ్ళ కాపురం, ఆ మాత్రం తెలీదా?

తెలీదు. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. కెన్నెత్ సావిట్‌స్కీ, బోజ్ కీసర్, నికొలస్ ఎప్లీ తదితర అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. 24 దంపతుల జంటలను తీసుకుని, ఒకరికొకరు కనబడకుండా వీపులు తిప్పి కూర్చోబెట్టారు. రెండు మూడు అర్థాలు వచ్చే మామూలు వాక్యాలు చెప్పించి, చెప్పినవాళ్ళ ఉద్దేశం ఏమిటో విన్నవాళ్ళని కనిపెట్టమన్నారు. ఒకసారి చెప్పేది సొంత భర్తో భార్యో, ఇంకోసారి ముక్కూమొహం తెలియనివాళ్ళు. సొంతవాళ్ళ మాటల్ని అర్థం చేసుకోవడంలో, పరాయివాళ్ళ మాటల్ని అర్థం చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తేడా అంతా నమ్మకంలో ఉంది. తమవాళ్ళకి తమ మాట బాగా అర్థమై ఉంటుందని చెప్పినవాళ్ళు ఎక్కువ అంచనా వేసుకున్నారు.

కారణం వెతకడానికి దూరం వెళ్ళక్కర్లేదు. బ్యాంకు కౌంటర్ దగ్గర “ఈ చెక్కు ఈ అకౌంట్లో వేయాలి, రసీదు ఇవ్వండి” అని పొల్లుపోకుండా చెప్పే మనిషే ఇంటికొచ్చి “అది అక్కడ పెట్టావా?” అంటాడు. పరాయివాళ్ళకి తెలీదని మనకి తెలుసు, అందుకే పూర్తిగా చెప్తాం. ఇంట్లోవాళ్ళకి తెలుసనుకుని సగం మింగేస్తాం. మింగిన సగంలోనే అసలు విషయం ఉంటుంది.

దీని మీద ఇంకో బరువు కూడా వేశాం. చెప్పకుండానే మనసు తెలుసుకోవడం ప్రేమకి గుర్తని, చెప్పించుకుంటే ఇంకేం ప్రేమని అనుకుంటాం. ఎన్నో ఇళ్ళల్లో ఈ ఒక్క ఊహ చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. పెళ్ళిరోజు గుర్తుందో లేదో చూద్దామని పొద్దుట్నించీ నోరు మెదపకుండా కూర్చోవడం ఒక పరీక్ష. పరీక్ష పెట్టారన్న సంగతే అవతలి మనిషికి తెలీదు, తప్పినట్టు మాత్రం రాత్రికి తెలుస్తుంది. అడగందే అమ్మయినా అన్నం పెట్టదని మనకి సామెత ఉంది. ఆ అమ్మకి ఏం కావాలో కూడా ఆవిడ చెప్తే తప్ప ఇంట్లోవాళ్ళకి తెలీదు.

ఒక ఫోన్ కాల్

ఈ ఫోన్ కాల్ మీ ఇంట్లో కూడా జరిగే ఉంటుంది. తల్లి తెనాలిలో, కొడుకు బెంగళూరులో ఉన్నారనుకుందాం. సంక్రాంతి ఇంకా దూరంగా ఉంది.

“పండక్కి ఏమనుకుంటున్నార్రా?”

“ఇంకా ఏమీ అనుకోలేదమ్మా. సెలవులు చూడాలి.”

“మీ వీలు చూసుకోండి నాన్నా. ఆ రద్దీలో పిల్లాడితో కష్టం కూడానూ. మాకేం పర్లేదు.”

“అదేనమ్మా. మేమందరం వస్తే నాన్నకి కూడా శ్రమే కదా.”

“శ్రమకేముందిలే. సరే, నీ ఇష్టం.”

“చూద్దాంలే అమ్మా.”

ఫోన్ పెట్టేశాక ఇద్దరి మనసూ బాగాలేదు. ఎందుకో చూడండి. తల్లి మొదటి ప్రశ్నకి అర్థం “రండి” అనే. అరిసెలకి బియ్యం ఎన్ని పొయ్యాలో అప్పుడే లెక్క వేసుకుంటోంది. కానీ రమ్మంటే కొడుక్కి భారమవుతుందేమోనని భయపడి, వాడు తప్పుకోడానికి కావలసిన సాకులు తనే అందించింది: రద్దీ, పిల్లాడు, “మాకేం పర్లేదు”. కొడుక్కి రావాలనే ఉంది. తండ్రికి ఈమధ్యే కంటి ఆపరేషన్ అయింది, ఇంటినిండా జనమైతే ఇబ్బందేమోనని వాడి అనుమానం. “నాన్నకి శ్రమ” అన్నది “శ్రమేంట్రా, వచ్చెయ్యండి” అనిపించుకోవడానికి. ఆవిడ ఆ మాటలో సాకు విన్నది. ఆవిడ “నీ ఇష్టం”లో వాడు నిరుత్సాహం విన్నాడు. ఒకరి సుఖం ఒకరు చూసుకున్నారు, ఆ ఆదుర్దాలో పండగ పోయింది.

ఇందులో ఒక లౌకికమైన నష్టం కూడా ఉంది. రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది. సంక్రాంతి టికెట్లు నవంబరులోనే తెరుచుకుంటాయి, తెరిచిన కాసేపటికే వెయిటింగ్ లిస్టులోకి వెళ్ళిపోతాయి. “చూద్దాం” అన్న మాట డిసెంబరు దాకా అలాగే ఉంటే, అప్పుడు ఎవరు మనసు విప్పినా బెర్తు దొరకదు. గడువున్న విషయాల్లో నాన్చుడు మాట ఎటూ తేల్చనట్టే కనిపిస్తుంది, చివరికి కాదన్నట్టే తేలుతుంది.

అదే తల్లి ఇలా అనొచ్చు: “ఒరే, ఈ పండక్కి మీరు రావాలని నాకు చాలా ఉంది. కుదురుతుందా? కుదరకపోతే కుదరదని చెప్పు. బాధపడతాను గానీ కోపం తెచ్చుకోను.” అప్పుడు కొడుకు తండ్రి కన్ను సంగతి అడుగుతాడు. “మధ్యాహ్నం కాసేపు పడుకుంటారంతే, మీరు రండి” అని ఆవిడ అంటుంది. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. “బాధపడతాను గానీ కోపం తెచ్చుకోను” అన్న వాక్యాన్ని ఇంకోసారి చూడండి. బాధ పడనని అబద్ధం చెప్పలేదు, బాధని చూపించి లొంగదీసుకోనూ లేదు.

ఆ ఫోన్ కాల్‌కి సరిగ్గా తిరగేసిన కథ ఒకటి 1974లో జెర్రీ హార్వీ అనే అమెరికన్ ప్రొఫెసర్ రాశాడు. టెక్సాస్‌లోని కోల్‌మన్ అనే చిన్న ఊళ్ళో, మండుటెండలో, అత్తవారింట్లో ఉన్నాడు. మావగారు 53 మైళ్ళ దూరంలో ఉన్న అబిలీన్ వెళ్ళి భోంచేద్దామన్నారు. కూతురు సరేనంది, అల్లుడు సరేనన్నాడు, అత్తగారూ సరేనన్నారు. ఏసీ లేని కారులో దుమ్ము కొట్టుకుపోతూ వెళ్ళి, రుచీ పచీ లేని తిండి తిని, సోలిపోయి తిరిగొచ్చాక అసలు సంగతి బయటపడింది. నలుగురిలో ఒక్కరికీ వెళ్ళాలని లేదు. మావగారు కూడా మిగతావాళ్ళకి విసుగ్గా ఉందేమోననుకుని అన్నారట. ‘అబిలీన్ పారడాక్స్’ అనే పేరుతో మేనేజ్‌మెంట్ తరగతుల్లో దీన్ని ఇప్పటికీ చెప్తారు. అక్కడ ఎవరికీ ఇష్టం లేకుండానే అందరూ వెళ్ళారు. మన ఫోన్ కాల్లో అందరికీ ఇష్టమై ఉండి కూడా ఎవరూ కలవలేదు.

మొదటి వాక్యం

కాలేజీలో పాఠాలు చెప్పే ఒకావిడ సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరింది. పరీక్షల డ్యూటీ, రోజంతా నిలబడే ఉంది. సింకు నిండా అంట్లు, హాల్లో టీవీ, సోఫాలో భర్త. ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి మాట: “ఈ ఇంట్లో పని చెయ్యడానికి నేనొక్కదాన్నే పుట్టానా?”

దీనికి ఆయన జవాబు మీకు తెలుసు: “నేనేమన్నా ఖాళీగా కూర్చున్నానా పొద్దుట్నించీ?” ఇక్కణ్ణించి వాదన ఎవరు ఎక్కువ అలిసిపోయారన్నదాని మీదికి వెళ్తుంది. ఆ వాదనలో ఎవరూ గెలిచింది లేదు. రాత్రి తొమ్మిదింటికి ఆవిడే వంట చేస్తుంది.

అమెరికాలో దంపతుల సంభాషణల్ని దశాబ్దాల తరబడి పరిశీలించిన జాన్ గాట్‌మన్, ఫిర్యాదునీ నిందనీ విడదీసి చూడమంటాడు. జరిగిన ఒక పని గురించి మాట్లాడితే ఫిర్యాదు, మనిషి స్వభావాన్ని అంటే నింద. ఆయన సిబిల్ కరేర్‌తో కలిసి 1999లో ప్రచురించిన పరిశోధనలో 124 కొత్త జంటలు ఏదో ఒక తగవు గురించి పదిహేను నిమిషాలు మాట్లాడుకున్న తీరు చూశారు. ఆ తర్వాత ఆరేళ్ళలో విడిపోయిన జంటలకీ కలిసున్న జంటలకీ తేడా మొదటి మూడు నిమిషాల్లోనే కనబడింది. మాట ఎక్కడ మొదలెట్టామన్నది అంత ముఖ్యం.

పై మాటనే ఇలా మొదలెట్టొచ్చు: “ఏమండీ, పొద్దుట్నించీ నిలబడే ఉన్నాను, కాళ్ళు పీకేస్తున్నాయి. రాత్రికి వంట నావల్ల కాదు. మీరు చేస్తారా, టిఫిన్ తెప్పిద్దామా?” ఏం జరిగింది, నాకెలా ఉంది, నాకేం కావాలి, ఈ మూడూ అందులో ఉన్నాయి. మొదటి రెండూ మనం బాగానే చెప్తాం. మూడోదే మింగేస్తాం. కాళ్ళు పీకుతున్నాయని ఊరుకుంటే ఆయన జెండూబామ్ తెచ్చిస్తాడు. అది ఆయన మొద్దుతనం కాదు, విన్నదానికి ఆయన చేసిన సాయం అది.

“ఎప్పుడూ”, “ఒక్కసారైనా” అన్న మాటలు ఎంత ఒత్తిడి వచ్చినా వాడకండి. “ఒక్కసారైనా వంటింట్లోకి వచ్చారా?” అనగానే “మొన్న ఆదివారం ఉప్మా చేశానుగా” అని వస్తుంది. మాట ఉప్మా మీదికి పోతుంది.

“నువ్వు” అని వేలు చూపించకుండా “నాకు” అని మొదలుపెట్టమని 1970లో పిల్లల పెంపకం మీద రాసిన పుస్తకంలో థామస్ గోర్డన్ చెప్పాడు. మంచి సలహా, ఇప్పటికీ పనికొస్తుంది. అయితే “నాకేమనిపిస్తుందంటే, నీకు బాధ్యత లేదు” అనే వాక్యం కూడా “నాకు”తోనే మొదలైంది. అది పాత నిందే.

కొన్నిసార్లు మనకి కావలసింది పనేమీ కాదు, వినే చెవి. ఆఫీసులో జరిగినది చెప్పుకుంటే భర్త వెంటనే “రిజైన్ చేసెయ్” అంటాడు, ఆవిడకి ఒళ్ళు మండుతుంది. సానుభూతి కోసం చెప్పిన కష్టానికి పరిష్కారం ఎదురొచ్చే ఈ తంతు గురించి డెబొరా టానెన్ అనే భాషా శాస్త్రవేత్త 1990లోనే వివరంగా రాసింది. దీనికి విరుగుడు చాలా చిన్నది. ముందే “సలహా వద్దు, కాసేపు విను చాలు” అనాలి. ఈ ఒక్క ముక్క చెప్పడానికి చాలామంది ఎందుకో సంకోచిస్తారు.

భయం కోపంగా బయటికొచ్చినప్పుడు

రాత్రి పదకొండు. ఇంటర్ చదివే కూతురు తొమ్మిదింటికి రావాల్సింది, ఫోన్ ఎత్తడం లేదు. తండ్రి వీధి చివరిదాకా నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు. చివరికి గేటు చప్పుడైంది. ఆ క్షణంలో ఆయన గుండె నిండా ఉన్నది “అమ్మయ్య, వచ్చేసింది.” నోటినుంచి వచ్చింది “ఎక్కడ చచ్చావే ఇంతసేపు?”

ఆ పిల్లకి అమ్మయ్య వినబడదు. తిట్టు వినబడుతుంది. ఆమె తన చెవిన పడ్డదానికే జవాబిస్తుంది, విసురుగా తలుపేసుకుంటుంది. ఇంకోసారి ఆలస్యమయ్యే పరిస్థితి వస్తే చెప్పడానికి బదులు అబద్ధం వెతుక్కుంటుంది. నాకు దీన్ని మించిన అన్యాయం ఇంకోటి కనబడదు: అంత ప్రేమా ఆ గుమ్మంలో వృథాగా పోతుంది.

“ఫోన్ ఎత్తకపోయేసరికి నాకు చాలా భయమేసిందమ్మా. ముందు అన్నం తిను, తర్వాత మాట్లాడదాం.” మగవాడు, అందులోనూ తండ్రి, భయమేసిందని పిల్లల ముందు ఒప్పుకోవడం మన ఇళ్ళల్లో అలవాటు లేదు. అలవాటు చెయ్యాలి. భయం పేరు చెప్పినంత మాత్రాన క్రమశిక్షణ పోదు. “ఇకమీద ఆలస్యమైతే ఒక మెసేజ్ పెట్టాలి, ఇది తప్పనిసరి” అని తెల్లారి గట్టిగా చెప్పొచ్చు. ఆ గట్టిమాట అప్పుడే చెవికెక్కుతుంది. పక్కింటి అబ్బాయి ర్యాంకు ఎత్తి పొడవడం వెనకా సాధారణంగా ఇదే భయం ఉంటుంది. “నువ్వు వెనకబడిపోతావేమోనని నాకు దిగులుగా ఉంది, ఏ సబ్జెక్టులో ఇబ్బందిగా ఉందో చెప్పు” అంటే పిల్లాడు కనీసం కెమిస్ట్రీ అనైనా అంటాడు.

సూచనలు పనికిరాని రెండు చోట్లు

ఆరోగ్యం ఒకటి. ఆదివారం వీడియో కాల్లో అమెరికాలో ఉన్న కూతురు “ఎలా ఉన్నారు?” అంటుంది. “మాకేంటమ్మా, బానే ఉన్నాం” అంటారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందనీ, రాత్రుళ్ళు ఛాతీలో బరువుగా ఉంటోందనీ చెప్పరు, అంత దూరంలో ఉన్న పిల్లని కంగారు పెట్టడం ఎందుకని. తమలో తాము “గ్యాస్ అయ్యుంటుంది” అనుకుంటారు. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళలో నరాలు దెబ్బతిని, గుండెపోటు వచ్చినా నొప్పి సరిగా తెలియకపోవచ్చు. ఆయాసం, చెమటలు, పొట్టలో ఇబ్బంది, విపరీతమైన నీరసం మాత్రమే కనబడొచ్చు. ఇలాంటివి వచ్చినప్పుడు పిల్లలకి చెప్పడం తర్వాత, ముందు 108కి ఫోన్ చెయ్యాలి. పెద్దవాళ్ళూ, దయచేసి దాచకండి. పిల్లలూ, “ఎలా ఉన్నారు” అని అడిగి ఊరుకోకండి. “నిన్న షుగర్ ఎంతుంది? బీపీ మాత్ర మానలేదుగా? మార్కెట్టుకి నడిచి వెళ్తున్నారా, ఆటోలోనా?” అని అడగండి. ఆటోలో అని చెప్తే ఎప్పట్నించీ అని అడగండి.

రెండోది డబ్బు. బావమరిది అప్పు తీసుకుంటున్నాడు, హామీ సంతకం పెట్టమంటాడు. మీకు పెట్టాలని లేదు. “చూద్దాంలే బావా” అంటారు. మీ దృష్టిలో కాదన్నట్టు, అతని దృష్టిలో సగం ఒప్పుకున్నట్టు. అతను ఆ ధైర్యంతో ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేస్తాడు, మీరు మొహమాటంతో సంతకం పెట్టేస్తారు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం ఉంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. కాబట్టి మొదటి రోజే చెప్పాలి: “బావా, సంతకం పెట్టలేను. యాభై వేలు సర్దగలను, అది నీకు వీలైనప్పుడు ఇద్దువుగాని.” రెండు నెలలు ముభావంగా ఉంటాడేమో. ఉండనివ్వండి.

ఉన్నమాటా, చురకా

“నాకు మనసులో ఏదీ దాచుకోవడం రాదండీ, మొహం మీదే అనేస్తాను” అని గర్వంగా చెప్పుకునేవాళ్ళు ప్రతి బంధువర్గంలోనూ ఒకరుంటారు. నేను చెప్తున్నది అది కాదు. పెళ్ళిలో ఆర్నెల్ల తర్వాత కనబడ్డ పిల్లని “ఏంటే ఇంత లావయ్యావ్?” అనడం నిజాయితీ కాదు. అవతలివాళ్ళ లోపం చెప్పడం తేలిక, దానికి ధైర్యం అక్కర్లేదు. నాకు ఫలానాది కావాలి అనడానికే ధైర్యం కావాలి. చుట్టాలెదురుగా మింగిన మాటనీ, పరీక్షకి బయల్దేరే పిల్లాడితో వాయిదా వేసిన మాటనీ ఎవరూ తప్పుపట్టరు. రాత్రి చెప్పొచ్చు, రేపు చెప్పొచ్చు.

ఇంకో మాట చాలా గట్టిగా చెప్పాలి. నోరెత్తితే చెయ్యి లేచే ఇంట్లో మౌనంగా ఉండటం మొహమాటం కాదు, ప్రాణరక్షణ. ఈ అధ్యాయంలోని సలహాలేవీ ఆ ఇంటికి వర్తించవు. అక్కడ మాట తీరు మార్చుకోవాల్సింది దెబ్బలు తింటున్న మనిషి కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181, గృహహింస నుంచి రక్షణ కోసం 2005 చట్టం అందుకే ఉన్నాయి.

వినేవాళ్ళ వంతు

చెప్పేవాళ్ళు ఎంత నేర్చుకున్నా, వినేవాళ్ళు మారకపోతే పది రోజుల్లో అందరూ పాత తీరుకి వచ్చేస్తారు. ‘కాదు’ అన్న మాటకి చోటున్న ఇంట్లోనే ‘కావాలి’ అన్న మాట బయటికొస్తుంది. కొత్తకోడలు మొట్టమొదటిసారి “అత్తయ్యా, ఈ ఆదివారం నేను పుట్టింటికి వెళ్ళాలనుకుంటున్నాను” అన్నప్పుడు “వెళ్ళు, మేం ఉన్నామో పోయామో నీకెందుకు” అంటే, ఆ అమ్మాయి ఇక జన్మలో సూటిగా అడగదు. తర్వాత ఎప్పుడో “మా కోడలు మనసులో ఏముందో తెలీదమ్మా” అని పక్కింటావిడతో చెప్పుకోవాల్సి వస్తుంది. అభ్యంతరం ఉంటే అదీ సూటిగానే చెప్పొచ్చు: “ఈ ఆదివారం ఆడపడుచు వస్తోందమ్మా, నాకొక్కదానికీ కష్టం. పై ఆదివారం వెళ్తావా?”

ఎవరైనా “ఏం లేదు” అంటే వెంటనే తవ్వకండి. “నీ మొహం చూస్తే ఏదో ఉన్నట్టుంది, చెప్పాలనిపించినప్పుడు చెప్పు” అని వదిలేసి, నిజంగానే దగ్గర్లో ఉండండి. ఎవరైనా “నీ ఇష్టం” అంటే, “నా ఇష్టం సరే, నీకేది బాగుంటుంది?” అని ఒక్కసారి అడగండి. రెండోసారీ “నీ ఇష్టం” అంటే ఆ మాటనే నిజమని తీసుకుని మీకు తోచింది చెయ్యండి. తర్వాత అలిగితే మాత్రం, “నేను రెండుసార్లు అడిగాను, ఈసారి నువ్వు చెప్పు, నేను వింటాను” అనండి. ఈ ముక్క ఎత్తిపొడుపులా కాకుండా మామూలు గొంతుతో రావాలి. వాట్సాప్‌లో అస్సలు వద్దు, అక్కడ గొంతు వినబడదు.

పెద్ద విషయాలతో మొదలెట్టకండి. పాతికేళ్ళ నాటి ఆస్తి పంపకాల సంగతి మొదటి వారంలోనే ఎత్తితే ఇల్లు రణరంగమవుతుంది. వంటింటి నుంచి “ఈ పూట ఏం వండమంటావ్?” అని వినబడినప్పుడు “ఏదో ఒకటి” అనకుండా ఒక కూర పేరు చెప్పండి. బీరకాయ అనండి. బీరకాయలు లేవు, దొండకాయలున్నాయంటే సరేనని, వేపుడో పులుసో కూడా చెప్పండి. వండినవాళ్ళు వడ్డిస్తూ “నీకేం తినాలనుంది?” అని తమని కూడా ఎవరైనా అడుగుతారేమోనని చూస్తుంటారు. మర్నాడు పొద్దున ఆ ప్రశ్న మీరు అడగండి. చెప్పేదాకా కదలకండి, చెప్పినదే ఆ పూట వండండి.